సముద్రంలోని ప్లాస్టిక్‌ను తీయడం ఎలా? వంద మీటర్ల ఒడ్డుతో మొదలుపెట్టండి

సముద్రంలో ప్లాస్టిక్ అనగానే చాలామందికి పసిఫిక్ నడుమ తేలుతున్న ఒక చెత్త దీవి గుర్తొస్తుంది. నిజానికి అక్కడ దీవి ఏమీ లేదు. 1997లో చార్లెస్ మూర్ అనే నావికుడు పడవ మీద ఆ దారిన తిరిగొస్తూ చూసింది కూడా అక్కడొకటి ఇక్కడొకటి తేలుతున్న ముక్కలనే. 2018లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం అక్కడ 16 లక్షల చదరపు కిలోమీటర్లలో దాదాపు 79 వేల టన్నుల ప్లాస్టిక్ ఉంది. భాగించి చూడండి, చదరపు కిలోమీటరుకు 50 కిలోలు. ఆ 50 కిలోల కోసం చదరపు కిలోమీటరు నీటిని గాలించాలి. చెత్త పేరుకున్న ఒడ్డున అంత బరువును పదిమంది ఒక్క పూటలో ఎత్తేస్తారు.

ఇంకో లెక్క కూడా చూడండి. 2010లో, ఆ ఒక్క ఏడాదిలోనే, నేల మీద నుంచి సముద్రంలోకి 48 లక్షల నుంచి 127 లక్షల టన్నుల ప్లాస్టిక్ చేరి ఉంటుందని జెన్నా జాంబెక్ అనే పరిశోధకురాలి బృందం 2015లో అంచనా కట్టింది. 79 వేలెక్కడ, లక్షలెక్కడ! మిగిలినదంతా ఏమైంది? కొంత అడుగున చేరింది, కొంత పొడి పొడి అయింది, కొంత ఒడ్డుకూ నీటికీ మధ్య ఇంకా తిరుగుతూనే ఉంది. ఇవాళ ఇసుకలో కనిపించిన కవరును రేపటి పోటు లాక్కుపోతుంది, వారం తర్వాత మళ్లీ తెచ్చి పడేస్తుంది. ఈలోపు ఎండకు అది పెళుసెక్కుతుంది, ఇసుక ఒరిపిడికి చిట్లుతుంది. కవరుగా ఉన్నంతవరకు ఒక చెయ్యి చాలు. వెయ్యి ముక్కలయ్యాక దాన్ని ఏరడం ఎవరి తరమూ కాదు.

అందుకే సముద్రాన్ని శుభ్రం చేయాలనుకుంటే ఒడ్డుకే వెళ్లండి. ఎలా చేయాలో మొదటి నుంచి చెబుతాను.

ముందు చోటు ఎంచుకోండి

తీరం మొత్తం మీద కన్ను వేయకండి. వంద మీటర్లు చాలు. ఈ కొలత నేను పెట్టింది కాదు. ఈశాన్య అట్లాంటిక్ దేశాలు కలిసి తమ తీరాల్లో చెత్తను లెక్కపెట్టేది కూడా వంద మీటర్ల ముక్కల్లోనే, ఏటా అదే ముక్కలో. రెండు చివర్లా కదలని గుర్తులు చూసుకోండి: ఒక బండరాయి, ఒక స్తంభం, ఒక పెద్ద చెట్టు. ఫోన్లో రెండు చివర్లూ ఫొటో తీసి పెట్టుకోండి. వచ్చే నెల వచ్చినప్పుడు సరిగ్గా అదే ముక్కలో దిగాలి.

ఎంచుకునేటప్పుడు మూడు విషయాలు చూడండి. దగ్గర్లో ఏరో, పెద్ద కాలువో సముద్రంలో కలిసే చోటు ఉంటే అక్కడ చెత్త ఎక్కువగా పేరుకుంటుంది, మీ శ్రమకు ఫలితం ఎక్కువ. నిండిన సంచులను మోసుకెళ్లేంత దూరంలో బండి ఆగే దారి ఉండాలి. పోటు వచ్చినప్పుడు వెనక్కి రావడానికి చోటు లేకుండా కొండ అంచు కింద ఇరుక్కునే చోట్లు మాత్రం వద్దు.

తర్వాత ఆ తీరం ఎవరి అధీనంలో ఉందో కనుక్కుని, వాళ్లతో మాట్లాడండి. అనుమతి ఒక్కదాని కోసమే కాదు. తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం ఎప్పుడు, ఇసుకలో గూళ్లు కట్టే పక్షులు ఏ వైపున ఉంటాయి అన్నది వాళ్లకు తెలుస్తుంది. ఆ నెలల్లో ఆ చోటికి గుంపుగా వెళ్లడం మంచి కంటే చెడే ఎక్కువ చేస్తుంది. ఇసుక దిబ్బల మీద పెరిగే తీగలను కూడా తొక్కకండి. ఆ దిబ్బలను పట్టి ఉంచేది వాటి వేళ్లే.

ఏ రోజు, ఏ గంటకు

అందరూ ఇక్కడే పొరబడతారు. సెలవు రోజు చూసుకుంటారు గానీ సముద్రాన్ని చూసుకోరు. చాలా తీరాల్లో రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు. మీ తీరానికి సంబంధించిన ఆటుపోట్ల పట్టిక ఇంటర్నెట్‌లో దొరుకుతుంది, చేపల వేటకు వెళ్లేవాళ్లను అడిగితే నోటితోనే చెప్పేస్తారు. పోటు నిండుగా వచ్చి వెనక్కి తిరిగిన గంటకు పని మొదలుపెట్టండి. అక్కడి నుంచి నాలుగైదు గంటలు నీరు మీ నుంచి దూరంగా పోతూనే ఉంటుంది, టెన్షన్ ఉండదు.

రోజు విషయంలో నా సలహా: అమావాస్య గానీ పున్నమి గానీ దాటాక ఓ మూడు నాలుగు రోజులకు వెళ్లండి. ఆ పెద్ద పోట్లు చెత్తను ఒడ్డు మీద బాగా పైకి విసిరి వెళ్తాయి. తర్వాత వచ్చే పోట్లు అంతకంతకూ చిన్నవి, దాన్ని అందుకోలేవు. మీ కోసం ఏరి పెట్టినట్టు అది అక్కడే ఉంటుంది. మళ్లీ పెద్ద పోటు వచ్చేలోపే తీసేయాలి. తుఫాను వెలిసిన తర్వాత కూడా అంతే: సముద్రం కుదుటపడేదాకా ఆగండి, కుదుటపడ్డాక మాత్రం ఆలస్యం చేయకండి.

ఏమేం తీసుకెళ్లాలి

పెద్ద జాబితా ఏమీ అక్కర్లేదు. చేతులకు మందమైన గ్లౌజులు, కాళ్లకు మూసి ఉండే బూట్లు, టోపీ, తాగునీరు. ఏరిన చెత్త వేయడానికి కొత్త ప్లాస్టిక్ కవర్లు కొనకండి. వాడేసిన గోనెసంచులు, ఉతికి మళ్లీ వాడుకునే బస్తాలు, బకెట్లు చాలు. బకెట్ అయితే గాలికి ఎగిరిపోదు, గాజు పెంకుకు చినగదు. ఇంకా ఒక కత్తెర, పదునైన చాకు, ఒక జల్లెడ, ప్రథమ చికిత్స పెట్టె, పెన్సిలు, అట్టకు బిగించిన కాగితం ఉండాలి. సూదులు దొరికితే వేయడానికి మూత బిగించే గట్టి డబ్బా ఒకటి తప్పనిసరి.

ఏరడం

పదిమంది ఉంటే వరుసగా నిలబడండి, మనిషికీ మనిషికీ మధ్య రెండు మూడు మీటర్లు. నీటి అంచుకు సమాంతరంగా ఒక చివర నుంచి మరో చివరకు నడవండి. ఎవరికి నచ్చిన వైపు వాళ్లు తిరిగితే కంటికి కొట్టొచ్చినట్టు కనిపించే సీసాలే సంచుల్లోకి వస్తాయి, మూతలూ తాళ్లూ అక్కడే ఉండిపోతాయి.

ఒడ్డున రెండు మూడు గీతల్లాగా నాచు, పుల్లలు, చెత్త కనిపిస్తాయి. ఒక్కో గీత ఒక్కో పోటు ఆగిన చోటు. నీటికి దగ్గరగా ఉన్న తడి గీతతో మొదలుపెట్టండి, ఎందుకంటే తర్వాతి పోటు ముందుగా పట్టుకుపోయేది దాన్నే. అది అయ్యాక పై గీతలకు వెళ్లండి. ఆ పైన, చెట్ల మొదళ్లలో గాలికి చిక్కుకున్న కవర్లను చివరన తీయొచ్చు.

నాచును మాత్రం ఊడ్చేయకండి. దాన్ని చెత్త అనుకుని బస్తాల కొద్దీ మోసుకెళ్లేవాళ్లను చూశాను, మనసు చివుక్కుమంది. ఆ కుళ్లుతున్న నాచులోనే ఇసుక పురుగులు బతుకుతాయి, వాటిని తినే పక్షులు దాని చుట్టూ తిరుగుతాయి. నాచును పైకెత్తి దులపండి, చిక్కుకున్న ప్లాస్టిక్‌ను తీసి, దాన్ని తిరిగి అక్కడే వదిలేయండి. యంత్రాలతో ఇసుకను దున్ని జల్లించడం నాకు నచ్చనిది కూడా ఇందుకే. చూడ్డానికి ఒడ్డు అద్దంలా ఉంటుంది, దాంట్లో ప్రాణం ఉండదు.

సీసా గానీ డబ్బా గానీ సంచిలో వేసే ముందు లోపలికి ఒక్కసారి చూడండి. ఖాళీ గుల్లల్లో కాపురముండే సన్యాసి పీతలు నీడ కోసమో తిండి కోసమో అందులోకి దూరి, నున్నటి గోడలు ఎక్కలేక అక్కడే చచ్చిపోతాయి. హిందూ మహాసముద్రంలోని కోకోస్ దీవుల్లో, పసిఫిక్‌లోని హెండర్సన్ దీవిలో కలిపి సుమారు 5 లక్షల 70 వేల పీతలు ఇలా చిక్కుకుని పోయాయని 2019లో పరిశోధకులు అంచనా వేశారు. బతికున్నది కనిపిస్తే నెమ్మదిగా ఒంచి, నీడలో వదలండి.

ముట్టుకోకూడనివి

మూత ఉన్న డ్రమ్ములు, గ్యాస్ సిలిండర్లు, ఏమిటో తెలియని లోహపు వస్తువులు కనిపిస్తే కదపకండి. చుట్టూ ఎవరూ రాకుండా చూసి, పోలీసులకో తీర రక్షణ సిబ్బందికో ఫోన్ చేయండి. సూదులను పిల్లల చేత తీయించవద్దు. పెద్దవాళ్లలో ఒకరు పట్టుకారుతో తీసి గట్టి డబ్బాలో వేయాలి.

ఇసుకలో కూరుకుపోయిన వలను లాగకండి. పది మంది పట్టి లాగినా రాదు, నడుములు పట్టేస్తాయి, వల తెగి దారాలు దారాలుగా చెదిరిపోతుంది. పైన కనిపిస్తున్నంత మేర తవ్వి, చాకుతో కోసి, ముక్కలుగా తీయండి. మిగిలిన దాన్ని వచ్చే నెలకు వదిలినా ఫర్వాలేదు. నీటి అడుగున బండలకు చుట్టుకున్న వలల జోలికి మాత్రం శిక్షణ ఉన్న డైవర్లు తప్ప ఎవరూ వెళ్లకూడదు. చేపను పట్టే వల మనిషినీ పడుతుంది.

వలలో చిక్కిన తాబేలు బతికి ఉంటే ఆత్రంగా నీటిలోకి తోసేయకండి, అలసిపోయి మునిగిపోవచ్చు. నీడ కల్పించి, తడి గుడ్డ కప్పి (ముక్కు రంధ్రాలు మూయకుండా), అటవీ శాఖ వాళ్లను పిలవండి. దాని నోట్లోంచో తోక కింద నుంచో దారం వేలాడుతుంటే ఎట్టి పరిస్థితిలోనూ లాగవద్దు. లోపల పేగుకు చుట్టుకుని ఉంటే అది పేగును కోసేస్తుంది.

చిన్న ముక్కల సంగతి

5 మిల్లీమీటర్ల కంటే చిన్న ముక్కలను మైక్రోప్లాస్టిక్ అంటున్నాం. వాటిలో పప్పు గింజల్లా గుండ్రంగా ఉండేవి కనిపిస్తే అవి విరిగిన ముక్కలు కావు, ఫ్యాక్టరీలు వస్తువులు చేయడానికి వాడే ముడి గుళికలు. 2021లో కొలంబో దగ్గర ఎక్స్‌ప్రెస్ పెర్ల్ అనే నౌక తగలబడి మునిగినప్పుడు ఈ గుళికలే టన్నుల కొద్దీ శ్రీలంక ఒడ్డుకు కొట్టుకొచ్చాయి, జనం జల్లెడలు పట్టుకుని కూర్చుని ఏరారు.

ఏరే పద్ధతి తేలిక. బకెట్‌లో సగం వరకు సముద్రపు నీరు పోయండి. గుళికలున్న పై పొర ఇసుకను దోసిళ్లతో అందులో వేసి కలపండి. ఇసుక అడుగుకు పోతుంది, గుళికలు తేలుతాయి, ఎందుకంటే అవి ఎక్కువగా నీటికంటే తేలికైన పాలిథీన్, పాలిప్రొపిలీన్ రకాలే. తేలినదాన్ని జల్లెడతో తీసి, గింజలూ పుల్లలూ చేత్తో వేరు చేయండి. ఇసుకను నీటితో సహా ఉన్నచోటే పోసేయండి. ఇది ఓపిక పని. వంద మీటర్లూ ఇలా చేయలేరు, ఒక చదరపు మీటరు గీసుకుని దానికే పరిమితం అవ్వండి.

లెక్క రాయండి

చాలామంది దాటేసే మెట్టు ఇదే. నన్నడిగితే ఏరడం సగం పని, రాయడం మిగతా సగం. ఇద్దరిని దీనికే కేటాయించండి. కాగితం మీద పది పన్నెండు గడులు చాలు: సీసాలు, మూతలు, క్యారీ బ్యాగులు, తినుబండారాల ప్యాకెట్లు, స్ట్రాలు, చెంచాలు, సిగరెట్ పీకలు, వలలూ తాళ్లూ, థర్మోకోల్, చెప్పులు, దూది పుల్లలు, ఇతరాలు. ఏరేవాళ్లు కేకేసి చెబుతుంటే వీళ్లు గీతలు పెడతారు. బరువు కూడా తూచండి గానీ దాన్నే నమ్ముకోకండి. నీళ్లు పీల్చిన ఒక్క తాడు రెండు వేల మూతల బరువు తూగుతుంది.

కాగితం చేతిలో ఉంటే చెత్త కథ చెబుతుంది. మూతలు వందల్లో ఉండి సీసాలు పదుల్లో ఉన్నాయా? ఆశ్చర్యం లేదు. మూత పదార్థం తేలుతుంది, మూత లేని పెట్ (నీళ్ల సీసాలు చేసే ప్లాస్టిక్) సీసా నీరు నిండి మునుగుతుంది. సీసాలన్నీ అడుగునే ఉన్నాయన్నమాట. వస్తువు మీద గవ్వల్లాంటి జీవులు అతుక్కుని పెరిగాయా? అది సముద్రంలో చాలా రోజులు తిరిగి వచ్చింది. అచ్చు చెరగలేదు, రంగు పోలేదు అంటే ఈ చుట్టుపక్కల నుంచి ఈ వారమే వచ్చింది. ఈ రెండో రకాన్ని విడిగా లెక్కపెట్టండి, మీరు ఆపగలిగేది దాన్నే.

ఈ గీతలకు ఎంత బలం ఉందో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. ఐరోపా తీరాల్లో ఏళ్ల తరబడి లెక్కపెట్టి, ఎక్కువగా దొరికే పది రకాల ఒక్కసారి వాడి పారేసే వస్తువులేవో తేల్చారు. వాటిని ముందు పెట్టుకునే ఐరోపా యూనియన్ 2019లో చట్టం చేసింది. 2021 జూలై నుంచి ప్లాస్టిక్ స్ట్రాలు, పళ్లేలు, చెంచాలు, దూది పుల్లలు అమ్మకూడదంది. 2024 జూలై నుంచి సీసా మూత సీసాకే అంటుకుని ఉండాలంది. ఒడ్డున వంగి ఎవరో లెక్కపెట్టిన మూతలే ఆ నిబంధనకు కారణం.

సంచులు ఎక్కడికి వెళ్లాలి

ఇది పని మొదలవకముందే తేలాలి. మొదట్లో నేను చేసిన తప్పు మీరు చేయకండి. వస్తానన్న బండి రాలేదు, రేపు తీసుకెళ్తారులే అని సంచులను ఒడ్డు మీదే వరుసగా పేర్చి వచ్చేశాం. రాత్రి పోటుకు వాటిలో సగం కొట్టుకుపోయాయి. పదిమంది ఆరు గంటలు ఏరింది సముద్రానికే తిరిగి ఇచ్చినట్టయింది. అప్పటి నుంచి బండి వచ్చి నిలబడ్డాకే మొదటి సంచి విప్పుతున్నాం.

ఒడ్డున దొరికిన ప్లాస్టిక్ అంతా రీసైక్లింగ్‌కు పనికొస్తుందని ఆశ పెట్టుకోవద్దు. ఉప్పు, ఇసుక, ఎండ దెబ్బ తిన్నదాన్ని చాలామంది తీసుకోరు. గట్టిగా ఉన్న సీసాలు, డబ్బాలు, నైలాన్ వలలు విడిగా కట్టి, తీసుకునేవాళ్లను ముందే అడిగి పెట్టుకోండి. మిగతాది పద్ధతిగా నడిచే చెత్త కేంద్రానికే పోవాలి. అక్కడికక్కడే తగలబెట్టడం మాత్రం వద్దే వద్దు. పీవీసీ లాంటివి కాలితే డయాక్సిన్లనే విషాలు పుడతాయి, బూడిద మళ్లీ సముద్రంలోకే.

మళ్లీ వెళ్లండి

ఒక్కసారి వెళ్లి ఫొటోలు దిగి వచ్చేస్తే నెలలో ఒడ్డు యథాస్థితికి వస్తుంది. అప్పుడు "ఇదంతా వృథా" అనిపిస్తుంది. ముంబైలోని వెర్సోవా తీరంలో అఫ్రోజ్ షా అనే లాయరు 2015 అక్టోబరులో పక్కింటి పెద్దాయనతో కలిసి ఇద్దరే మొదలుపెట్టారు. వారం వారం వెళ్లారు, జనం కలిశారు. 2018 మార్చిలో ఆ ఇసుకలోంచి ఆలివ్ రిడ్లీ తాబేలు పిల్లలు బయటికొచ్చి సముద్రం వైపు పాకాయి. నడుమ ఎన్నిసార్లు చెత్త తిరిగొచ్చి ఉంటుందో ఊహించుకోండి.

మీకు వారం వారం కుదరకపోతే నెలకొకసారి చాలు, అదే వంద మీటర్లలో. అంకెలు పెరిగినా నిరుత్సాహపడకండి, పెరిగాయన్న సంగతి కూడా ఎవరో ఒకరు రాసి ఉంచాల్సిందే.

పై నుంచి వచ్చేదాన్ని ఆపడం

రెండు మూడు నెలల లెక్కలు చేతికొచ్చాక మీకే తెలుస్తుంది, చెత్తలో ఎంత భాగం పక్క కాలువ నుంచి వస్తోందో. నదుల ద్వారా సముద్రంలో చేరే ప్లాస్టిక్‌లో 80 శాతం వెయ్యికి పైగా నదుల నుంచి వస్తోందని 2021 నాటి అధ్యయనం ఒకటి చెప్పింది. వాటిలో నగరాల మధ్య పారే చిన్న ఏర్లు చాలానే ఉన్నాయి. అమెరికాలోని బాల్టిమోర్‌లో 2014 నుంచి ఒక ఏటి మొగ దగ్గర నీటి చక్రం తిరుగుతోంది. తేలే అడ్డుకట్ట చెత్తను దాని వైపు మళ్లిస్తుంది, ప్రవాహం, సౌర విద్యుత్తు దాన్ని తిప్పుతాయి, అది చెత్తను ఎత్తి తొట్టిలో పడేస్తుంది.

మీకు చక్రం అక్కర్లేదు, తేలే అడ్డుకట్ట చాలు. కాలువను చూసే శాఖ అనుమతి తీసుకున్నాక, ప్రవాహం నెమ్మదిగా, తిన్నగా ఉన్న చోటు చూడండి. అడ్డుకట్టను ప్రవాహానికి తిన్నగా అడ్డం కట్టకండి, ఏటవాలుగా కట్టండి. అప్పుడు చెత్త జారుకుంటూ ఒక గట్టుకు చేరుతుంది, అక్కడ నిలబడి తీయొచ్చు. అది పై పొరను మాత్రమే ఆపాలి, కింద నీళ్లూ చేపలూ స్వేచ్ఛగా పోవాలి. ఒక వైపు కట్టు ఊడదీయడానికి తేలిగ్గా ఉండాలి, వరద వస్తోందంటే వెంటనే విప్పేయాలి. రోజూ తీసే మనిషి లేకపోతే అసలు కట్టవద్దు. నిండిన అడ్డుకట్ట తెగితే వారం చెత్త ఒక్కసారిగా సముద్రంలో పడుతుంది.

వేటకు వెళ్లేవాళ్లను కూడా కలుపుకోండి. వాళ్ల వలలో చేపలతో పాటు ప్లాస్టిక్ రోజూ పడుతుంది, తెచ్చి వేయడానికి చోటు లేక మళ్లీ నీళ్లలో వదిలేస్తారు. కేరళలోని కొల్లం జిల్లా శక్తికుళంగర హార్బర్‌లో 2017లో పడవలకు సంచులిచ్చి ఆ ప్లాస్టిక్‌ను ఒడ్డుకు తెప్పించడం మొదలుపెట్టారు. దాన్ని కడిగి, తురిమి, రోడ్ల తారులో కలిపారు. మీరు చేయగలిగింది: పడవకో బలమైన సంచి, రేవులో ఒక తొట్టి, దాన్ని చెప్పిన రోజుకు ఖాళీ చేసే మనిషి. ఈ మూడోది తప్పితే మొదటి రెండూ వృథా.

నడి సముద్రంలో చెత్త తీసే పెద్ద ప్రయత్నాలూ జరుగుతున్నాయి. 2013లో బోయన్ స్లాట్ అనే డచ్ యువకుడు స్థాపించిన సంస్థ 2018లో దించిన మొదటి పరికరం విరిగిపోయింది, తర్వాత పరికరాన్ని మార్చి మార్చి తీయగలిగారు. పసిఫిక్ నడుమ తేలే ఆ ప్లాస్టిక్ బరువులో సగానికి దగ్గరగా చేపల వలలే, వాటికి పెద్ద ఓడలు కావాల్సిందే. ఆ పని వాళ్లను చేయనివ్వండి.

ఆరు నెలలకొకసారి మీ కాగితాలన్నీ ఒకచోట కూడండి. ఒకే పేజీలో రాయండి: ఏ వంద మీటర్లు, ఎన్నిసార్లు, ఏ వస్తువు ఎన్ని, వాటిలో తాజావి ఎన్ని, ఏ కాలువ దగ్గర ఎక్కువ. ఆ పేజీకి, శుభ్రం చేయకముందూ చేశాకా తీసిన రెండు ఫొటోలు జతచేసి స్థానిక పాలకులకు, కాలువల శాఖకు, తీరాన్ని చూసే అధికారులకు మూడు కాపీలు ఇవ్వండి. అందినట్టు సంతకం తీసుకోండి, మీ కాపీ మీద తర్వాతి శుభ్రత రోజు తేదీ రాసి పెట్టుకోండి.